ఫార్మాట్ కొట్టించే ముందు



పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం మా షాపుకి ఒక ఆటో డ్రైవరు వచ్చాడు. చంకలో ప్లాస్టిక్ కవరు, కవర్లో నల్లటి లాప్‌టాప్. కూతురు డిగ్రీ రెండో సంవత్సరం, కంప్యూటర్ సైన్సు. పిల్ల చదువుకి కావాలని 18 వేలు పోసి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మూడు నెలలు తిరక్కుండానే తెర మీద కుడివైపు కింది మూలన బూడిద రంగులో రెండు లైన్లు తేలాయి. విండోస్‌ని యాక్టివేట్ చేసుకోండి, సెట్టింగ్స్‌లోకి వెళ్లండి అని. కొన్న చోటికే తీసుకెళ్తే ఐదొందలు తీసుకుని మళ్లీ ఫార్మాట్ కొట్టి ఇచ్చారు. రెండు నెలలకి మళ్లీ అవే రెండు లైన్లు.

"అన్నా, నిజం చెప్పు. ఇది దొంగ మాలా?" అన్నాడు. కూతురు పక్కనే నిలబడి ఉంది. ఆ పిల్లకి వినపడకూడదని గొంతు బాగా తగ్గించి అడిగాడు.

ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఈ ప్రశ్న చాలామంది మనసులో ఉంటుందని నాకు తెలుసు, పైకి అడిగేవాళ్లు మాత్రం తక్కువ. అడిగితే ఏం బయటపడుతుందోనని భయం. కానీ పాత కంప్యూటరు కొన్న మనిషి చాలాసార్లు అసలు భయపడాల్సిన పనే ఉండదు. ఆ రోజు ఆ లాప్‌టాప్‌లో ఏం దొరికిందో చెబుతాను. అంతకంటే ముందు, అందులో మనం ఏం కొంటున్నామో కాస్త విడదీసి చూడాలి.

పాత సైకిలు కొంటే హ్యాండిల్ నుంచి మడ్‌గార్డు దాకా అంతా మనదే. పాత కంప్యూటరు కొన్నప్పుడు మనవయ్యేవి దాని డబ్బా, తెర, చిప్పులు, హార్డ్ డిస్కు. వాటిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్, అంటే మన దగ్గర ఎక్కువగా విండోస్, దాని హక్కులు తయారుచేసిన కంపెనీ దగ్గరే ఉంటాయి. మనకొచ్చేది వాడుకునే అనుమతి. దాన్నే లైసెన్స్ అంటున్నాం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పెద్ద కాగితమంత రాత వచ్చి, ఒప్పుకుంటున్నాను అని నొక్కమంటుంది చూశారా, ఆ రాతే మనకీ కంపెనీకీ మధ్య ఒప్పందం.

మొదట్లో ఈ తేడా లేదు. యంత్రం కొంటే ప్రోగ్రాములు దానితోపాటే వచ్చేవి. 1969 జూన్‌లో ఐబీఎం కంపెనీ ఇకపై యంత్రానికి వేరుగా, సాఫ్ట్‌వేర్‌కి వేరుగా ధర కడతామని ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను అమ్ముడుపోయే సరుకు కావడానికి అదొక పెద్ద మలుపు. మరి అది నిజంగా సరుకేనా? చేత్తో పట్టుకోలేని దాన్ని సరుకు అనొచ్చా? ఈ ప్రశ్న మీద మన దేశంలో తేల్చి చెప్పిన కేసు మన తెలుగు నేల మీదే మొదలైంది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ ఒక పక్క, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంకో పక్క. అందరికీ ఒకేలా అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద రాష్ట్ర ప్రభుత్వం అమ్మకం పన్ను వేయొచ్చా అన్నది వివాదం. 2004 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, డిస్కులోకి ఎక్కించి అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకే, పన్ను వేయొచ్చు అని చెప్పింది. ఆ తర్వాత 2021 మార్చిలో ఒక ఆదాయపు పన్ను కేసులో అదే కోర్టు, అలా కొనుక్కుని వాడుకునేవాడికి చేరేది ఒక ప్రతి మాత్రమే, కాపీరైట్ అతని చేతికి రాదని స్పష్టం చేసింది. పుస్తకం కొంటే పుస్తకం మనది, దాన్ని అచ్చువేసి అమ్మే హక్కు మనది కాదు. ఇదీ అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. విండోస్ లైసెన్సుల్లో మనకి ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు రకాలు. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది, పాతవి కొనేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఓఈఎం లైసెన్స్. లాప్‌టాప్ తయారుచేసిన కంపెనీయే విండోస్ వేసి అమ్ముతుంది కదా, దాని ధర మొదటిసారి కొన్న మనిషి కట్టిన డబ్బులోనే కలిసి ఉంటుంది. ఈ లైసెన్స్ మనిషి పేరు మీద ఉండదు, యంత్రం మీద ఉంటుంది. యంత్రం ఎవరి చేతికి వెళ్తే లైసెన్స్ వాళ్ల చేతికి వెళ్తుంది. పది చేతులు మారినా సరే. అయితే దాన్ని ఒక యంత్రం నుంచి పీకి ఇంకో యంత్రానికి పెట్టడానికి ఒప్పందం ఒప్పుకోదు. యంత్రం పోతే లైసెన్స్ కూడా దానితోనే పోతుంది.

ఈ మాట చెప్పినప్పుడు ఆ డ్రైవరు వెంటనే అన్నాడు: "ఆర్‌సీ బండితోపాటే వచ్చినట్టు." ఇరవై ఏళ్లుగా నేను చెబుతున్న దాన్ని అంత సూటిగా చెప్పినవాళ్లు లేరు.

ఈ ఆర్‌సీ ఎక్కడుంటుంది? పాత రోజుల్లో స్టిక్కరు మీద ఉండేది. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి విండోస్ 7 కాలం దాకా లాప్‌టాప్ అడుగున, డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ పక్కన, ఒక చిన్న మెరిసే కాగితం అంటించి ఉండేది. దాని మీద 25 అక్షరాలు, అంకెలు, ఐదేసి చొప్పున ఐదు గుంపులు. కొన్ని లాప్‌టాపుల్లో బ్యాటరీ తీస్తే ఆ గూట్లో ఉండేది. ఒళ్లో పెట్టుకుని వాడీ వాడీ, ఆ వేడికీ చెమటకీ అక్షరాలు చెరిగిపోయేవి. 8 ఏదో బి ఏదో తెలియని స్టిక్కర్ల మీద టార్చి ఏటవాలుగా వేసి, ఫోనుతో ఫొటో తీసి, పెద్దది చేసి చదివిన రాత్రులు నాకు ఎన్నో గుర్తున్నాయి. ఆ కాగితం చెరిగిపోతే అన్ని వేల రూపాయలు పెట్టి కొన్న అనుమతి చెరిగిపోయినట్టే ఉండేది. అందుకే ఇప్పటికీ ఆ కాలం నాటి యంత్రం చేతికొస్తే ముందు స్టిక్కరుని ఫొటో తీసి దాచుకోమని చెబుతాను.

2012లో విండోస్ 8 వచ్చింది. అప్పటినుంచి పేరున్న కంపెనీలు ఆ 25 అక్షరాల కీని కాగితం మీద అచ్చు వేయడం మానేసి, మదర్‌బోర్డు మీద ఉండే చిప్పులోనే రాసి పంపుతున్నాయి. పైన ఉండే స్టిక్కరు ఇప్పుడు అలంకారానికే, దాని మీద కీ ఉండదు. హార్డ్ డిస్కు మార్చినా, ఫార్మాట్ ఎన్నిసార్లు కొట్టినా చిప్పులో కీ చెక్కుచెదరదు. 2015లో విండోస్ 10 వచ్చాక దీనికి తోడు డిజిటల్ లైసెన్స్ వచ్చింది. ఒకసారి సరైన పద్ధతిలో యాక్టివేట్ అయిన యంత్రం ఆనవాలు మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదవుతుంది. మళ్లీ అదే ఎడిషన్ వేసి ఇంటర్నెట్ తగిలిస్తే సర్వరు గుర్తుపట్టి, కీ అడక్కుండానే సరే అంటుంది.

ఇక ఆ డ్రైవరు లాప్‌టాప్ సంగతి. అది 2019లో తయారైనది, ఆఫీసుల కోసం చేసే మోడల్. దాన్ని టేబుల్ మీద పెట్టి, కమాండ్ విండో తెరిచి ఎస్ఎల్ఎంజీఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ డీఎల్ఐ అని కొట్టాను. ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. అందులో ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్, వాల్యూమ్, కేఎంఎస్ క్లయింట్ అని ఉంది. పెద్ద కంపెనీలకిచ్చే రకం అది, ఈ యంత్రానికి చెందింది కాదని అర్థమైంది. ఇంకో ఆదేశంతో చిప్పులో ఏముందో అడిగాను. 25 అక్షరాలు వరుసగా వచ్చి నిలబడ్డాయి. విండోస్ ప్రో, ఆ లాప్‌టాప్ పుట్టినప్పుడు దానికి రాసిపెట్టిన కీ. ఆరేళ్లుగా అక్కడే ఉంది.

పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దింపుకున్న విండోస్ ఉంది. పిల్ల ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి తీసి, మొత్తం తుడిచేసి కొత్తగా వేశాను. ఏ ఎడిషన్ కావాలని అది అడగనే లేదు. చిప్పులో కీ చదువుకుని తనంతట తానే ప్రో ఎంచుకుంది. వైఫై తగిలించి సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచాం. డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయింది అని రాసి ఉంది. తండ్రీకూతుళ్లు ఇద్దరూ వంగి ఆ లైను చదివారు. "అంటే డబ్బు కట్టినట్టేనా అంకుల్?" అంది ఆ పిల్ల. కట్టినట్టే అమ్మా, ఈ లాప్‌టాప్ కొత్తగా కొన్నప్పుడే ఎవరో కట్టారు, నాన్న కొన్నప్పుడు అది మీది అయింది అని చెప్పాను.

మరి న్యాయమైనది లోపలే ఉండగా పైన దొంగది ఎందుకు వేశారు? ఇక్కడే రెండో రకం లైసెన్స్ వస్తుంది. వాల్యూమ్ లైసెన్స్. హైటెక్ సిటీ, గచ్చిబౌలిలో ఉన్న పెద్ద కంపెనీలు వేల లాప్‌టాపులు కొంటాయి. కొన్నాక వాటి మీద తమ ఒప్పందం కింద విండోస్ ఎంటర్‌ప్రైజ్ వేసుకుంటాయి. ఆ యంత్రాలు కేఎంఎస్ అనే కంపెనీ సొంత సర్వరుని అప్పుడప్పుడు పలకరించి, 180 రోజులకోసారి అయినా అనుమతి కొత్తది చేసుకుంటూ ఉండాలి. మూడు నాలుగేళ్లు వాడాక ఆ లాప్‌టాపులు బయటికొస్తాయి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి, ఇంకా జిల్లా కేంద్రాల్లో చిన్న చిన్న షాపులకి చేరేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి. వాల్యూమ్ లైసెన్స్ కంపెనీదే, అది యంత్రంతో రాదు. కానీ ఆ వాల్యూమ్ లైసెన్స్ ఎక్కించుకోవడానికి అడుగున ముందే ఒక మామూలు లైసెన్స్ ఉండి తీరాలి. మైక్రోసాఫ్ట్ నియమమే అది. అందుకే ఆ లాప్‌టాప్ చిప్పులో ప్రో కీ ఉంటుంది. ఈ ఒక్క సంగతి పాత లాప్‌టాపులు అమ్మే ప్రతి షాపు గోడ మీదా రాసి పెట్టాలని నా కోరిక.

షాపుల్లో జరిగేది వేరు. ఒక పెన్‌డ్రైవ్ ఉంటుంది, అందులో ముందే సిద్ధం చేసిన విండోస్ ఇమేజ్, దాంతోపాటే క్రాక్. యంత్రం ఏదైనా సరే, దాని చిప్పులో ఏమున్నా సరే, అదే ఎక్కిస్తారు. పది నిమిషాల పని. ఆ క్రాక్ చేసేదల్లా లాప్‌టాప్ లోపలే కంపెనీ సర్వరులా నటించే ఒక దొంగ సర్వరుని నిలబెట్టడం. అది పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపేయమంటుంది. ఒక్క క్షణం ఆలోచించండి. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాము, మన తలుపు గడియ తీసి లోపలికి రానివ్వమంటోంది. అదే లాప్‌టాప్‌లో పిల్ల స్కాలర్‌షిప్ దరఖాస్తు, తండ్రి బ్యాంకు ఖాతా వివరాలు. ఫార్మాట్ కొట్టే కుర్రాళ్లలో చాలామంది మంచివాళ్లు, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. తెలియక చేస్తున్నారు. తెలిస్తే ఐదు నిమిషాలు ఆగి చిప్పులో చూస్తారు, అందుకే రేడియోలో చెబుతున్నాను.

మూడో రకం రీటైల్. డబ్బాలోనో, ఆన్‌లైన్‌లోనో పూర్తి ధర పెట్టి విడిగా కొనేది. దీన్ని ఒక యంత్రంలో తీసేసి ఇంకో యంత్రంలో వేసుకోవచ్చు, ఒకేసారి రెండింట్లో మాత్రం కాదు. ఆన్‌లైన్‌లో నాలుగొందలకీ ఐదొందలకీ అమ్మే కీలు ఉన్నాయే, వాటిని దీనితో కలపకండి. అవి చాలావరకు ఏదో సంస్థ వాల్యూమ్ ఒప్పందం నుంచి జారిపోయినవి. కొన్నాళ్లు పనిచేస్తాయి, ఎప్పుడో కీ మూసేస్తారు, అమ్మినవాడు దొరకడు.

ఎడిషన్ విషయంలో ఒక చిన్న తిరకాసు. మన దేశంలో అమ్మే లాప్‌టాపుల్లో చాలావాటికి హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అనే ఎడిషన్ వస్తుంది. ఆ యంత్రానికి ప్రో వేస్తే దాని లైసెన్స్ పనిచేయదు. దొంగది కాకపోయినా యాక్టివేట్ కాదు. కొనేవాళ్లు ప్రో అడుగుతారని ప్రో వేసేసి, అది యాక్టివేట్ కాక క్రాక్ వేసేసిన లాప్‌టాపులు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. పుట్టుకతో వచ్చిన ఎడిషనే వేసుకోండి, చాలు.

మదర్‌బోర్డు మారితే? ర్యామ్ పెంచినా, హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెట్టినా లైసెన్సుకి ఏమీ కాదు. అసలు పాత లాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ పెట్టడం అంత మంచి పని ఇంకోటి లేదు. మదర్‌బోర్డు మాత్రం యంత్రానికి గుండెకాయ అని మైక్రోసాఫ్ట్ లెక్క. అది చెడిపోయి తయారీ కంపెనీ మార్చిస్తే లైసెన్స్ కొనసాగుతుంది. వేరే బోర్డు కొని మనమే వేసుకుంటే, ఒప్పందం ప్రకారం అది కొత్త కంప్యూటరే.

ఇప్పుడు అమెరికాలో జరిగిన ఒక కేసు చెప్పాలి. పాత కంప్యూటర్లతో పనిచేసే ఎవరైనా దీన్ని తెలుసుకోవాలని నేను గట్టిగా అనుకుంటాను. కాలిఫోర్నియాలో ఎరిక్ లండ్‌గ్రెన్ అని ఒకతను ఉన్నాడు. పారేసిన ఎలక్ట్రానిక్ వస్తువుల్ని మళ్లీ వాడకంలోకి తేవడమే అతని వ్యాపారం. చెత్తలోకి పోయిన భాగాలతో ఒక ఎలక్ట్రిక్ కారు కట్టి, ఒక్క ఛార్జింగ్‌తో వందల మైళ్లు నడిపి చూపించాడు. జనం మంచి కంప్యూటర్లని ఎందుకు పారేస్తున్నారంటే, వాటిలో విండోస్ పాడైతే తిరిగి వేసుకునే రికవరీ డిస్కు వాళ్ల దగ్గర ఉండదు అని అతనికి అనిపించింది. ఆ డిస్కులో ఉండేది లైసెన్స్ ఉన్న యంత్రానికి మాత్రమే పనికొస్తుంది. అదే ఫైలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దింపుకోవచ్చు కూడా. అతను చైనాలో 28,000 డిస్కులు చేయించాడు. అమెరికాలో పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే షాపులకి తక్కువ ధరకి ఇవ్వాలని.

అతను చేసిన తప్పు ఏమిటంటే, ఆ డిస్కుల మీద అసలు కంపెనీల పేర్లు, గుర్తులు అసలైనవాటి లాగే అచ్చు వేయించాడు. 2012లో ఆ సరుకు కస్టమ్స్ చేతికి చిక్కింది. అతను నేరం ఒప్పుకున్నాడు. ఇక మిగిలిన వాదన అంతా ఆ డిస్కు విలువ ఎంత అన్న దాని మీదే నడిచింది. లైసెన్స్ లేని డిస్కుకి విలువ సున్నా, ఎవరైనా ఉచితంగా దింపుకోగలిగేది అని అతని తరఫువాళ్లు. ప్రభుత్వం మొదట ఒక్కో డిస్కుకి కొత్త విండోస్ ధర, 299 డాలర్లు కట్టింది. చివరికి ఒక్కోటి 25 డాలర్లని, మొత్తం 7 లక్షల డాలర్లని కోర్టు లెక్క కట్టింది. ఆ 25 డాలర్లు ఎక్కడివంటే, తన దగ్గర నమోదైన చిన్న రీఫర్బిషర్లకి, అంటే పాత యంత్రాలు బాగుచేసి అమ్మేవాళ్లకి, మైక్రోసాఫ్ట్ లైసెన్సుతో కలిపి డిస్కు అమ్మే ధర అది. శిక్ష 15 నెలల జైలు, 50,000 డాలర్ల జరిమానా. 2018 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది.

ఆ తీర్పు నాకు బాధ కలిగించింది, ఇప్పటికీ కలిగిస్తుంది. డిస్కు వేరు, లైసెన్స్ వేరు అన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం. పుస్తకం చదివే హక్కు ఉన్నవాడికి అదే పుస్తకం మరో ప్రతి ఇస్తే అక్కడ చోరీ ఎంత జరిగినట్టు? లైసెన్స్ ఉన్న యంత్రానికి లైసెన్స్ ఉన్న విండోస్‌నే తిరిగి ఎక్కించే సాధనానికి, లైసెన్స్ కలిపి అమ్మే ధర కట్టడం సబబు కాదని నా అభిప్రాయం. అయినా దొంగ లేబుల్ వేయడం తప్పు కాదని అనలేను. ఇంకొకరి ముద్ర మన సరుకు మీద వేస్తే ఆ ముద్రని నమ్మి కొన్నవాడిని మోసం చేసినట్టే. అతను ఉత్త తెల్ల డిస్కు మీద చేతితో పేరు రాసి ఉంటే కథ వేరేలా ఉండేదేమో.

ఐరోపాలో గాలి కొంచెం వేరుగా వీచింది. 2012 జులైలో ఐరోపా న్యాయస్థానం ఒరాకిల్, యూజ్డ్‌సాఫ్ట్ కేసులో, శాశ్వతంగా వాడుకోమని ఒకసారి అమ్మేశాక ఆ ప్రతి తిరిగి అమ్మకుండా కంపెనీ ఆపలేదు, అమ్మినవాడు తన దగ్గర ఉన్న ప్రతిని పనికిరాకుండా చేస్తే చాలు అంది. జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2000లోనే ఇంచుమించు ఆ దారిలో నడిచింది.

మన దేశంలో ఈ విషయం చూసేది 1957 కాపీరైట్ చట్టం. అందులో 52వ సెక్షన్ కంప్యూటర్ ప్రోగ్రాముని న్యాయంగా కలిగి ఉన్నవాళ్లకి రెండు వెసులుబాట్లు ఇస్తోంది. ఏ పని కోసం దాన్ని ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి ప్రతి చేసుకోవచ్చు. పాడైపోతుందనో పోతుందనో జాగ్రత్తకి బ్యాకప్ ప్రతి తీసి పెట్టుకోవచ్చు. మనం మళ్లీ విండోస్ వేయించుకోవడం అనేది లైసెన్స్ ఉన్నంతవరకూ ఈ నీడలో ఉన్నట్టే. లేకపోతే 63బి సెక్షన్ ఉంది. దొంగ ప్రతి అని తెలిసి వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపారం కోసం కాకుండా వాడినవాళ్ల విషయంలో కోర్టు జైలు తప్పించి, 50,000 మించని జరిమానాతో సరిపెట్టడానికి వీలుంది. ఇంట్లో వాడుకున్న ఆటో డ్రైవరు మీదకి పోలీసులు రారు, అది నాకూ తెలుసు. కానీ నెట్ సెంటరు, మీసేవ, టైపింగ్ సెంటరు, ఆడిటరు ఆఫీసు నడిపేవాళ్లు ఆ వెసులుబాటు తమకి లేదని గుర్తుపెట్టుకోవాలి. వాళ్లది వ్యాపారం.

పనికొచ్చే లైసెన్స్ లేని యంత్రం చేతికి వస్తే? ఆ సంగతి నాకు ఒక బడిలో ఎదురైంది. ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకి ఎవరో పుణ్యాత్ములు 12 డెస్క్‌టాపులు ఇచ్చారు. మనుషుల వివరాలు ఉంటాయని హార్డ్ డిస్కులు పీకేసి ఇచ్చారు, అది సరైన పనే. క్యాబినెట్ల మీద విండోస్ 7 స్టిక్కర్లు. విండోస్ 7కి 2020 జనవరి 14తోనే మద్దతు ఆగిపోయింది. ఆ కీలతో విండోస్ 10 యాక్టివేట్ చేసుకునే దారి చాలాకాలం తెరిచే ఉంది, 2023 సెప్టెంబరులో దాన్నీ మూసేశారు. ఆ విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మద్దతు అయిపోయింది. ఇంట్లో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే భద్రతా సవరణలు 2026 అక్టోబర్ దాకా అందుతాయి. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరు కావాలి. ఈ డబ్బాలకి అవేవీ లేవు.

"పిల్లల కోసమే కదయ్యా, ఏదో ఒకటి వేసెయ్" అన్నారు హెడ్మాస్టరుగారు. మంచి మనసుతోనే అన్నారు. నేను వేయనని చెప్పాను. దొంగ విండోస్ మీద కూర్చోబెట్టి పిల్లలకి కంప్యూటరు పాఠం చెప్పడం నాకు ఇష్టం లేదు. పైగా అవసరమూ లేదు. 1983లో గ్నూ ఉద్యమం, 1991లో లినక్స్ మొదలై, ఈ రోజు ప్రపంచమంతా వాడుతున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. దాని లైసెన్స్ చదివితే ఇంకో లోకంలోకి వెళ్లినట్టుంటుంది. వాడుకో, కాపీ చేసి ఇంకొకరికి ఇవ్వు, విప్పి చూడు, మార్చుకో. మార్చి పంచితే నువ్వు మార్చిన సోర్స్ కోడ్ కూడా వాళ్లకివ్వు, ముఖ్యమైన షరతు అదే. హైదరాబాదు నుంచి స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతోనే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ చేసింది. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ల తరబడి లినక్స్ మీదే నడుస్తున్నాయి. మన బడుల్లో ఇది ఇంకా ఎందుకు మామూలు విషయం కాలేదో నాకు అర్థం కాదు.

ఒక దసరా సెలవుల్లో ఆ 12 యంత్రాలకీ చవకైన ఎస్ఎస్‌డీలు పెట్టి లినక్స్ మింట్ వేశాం. ఒకే పెన్‌డ్రైవ్, ఒకదాని తర్వాత ఒకటి, ఏ కీ లేదు. నాలుగో యంత్రం నుంచి తొమ్మిదో తరగతి పిల్లలే వేయడం మొదలుపెట్టారు. తెలుగు కీబోర్డు ఎక్కించాక ఒక పాప తన పేరు టైపు చేసింది. ఒత్తు అక్షరం ఎక్కడుందో దొరక్క కాసేపు వెతుక్కుంది. దొరికాక పేరుని ఐదుసార్లు టైపు చేసుకుంది.

విండోస్‌నే కావాలనుకుని, లైసెన్స్ లేని పాత యంత్రాలు బాగుచేసి అమ్మేవాళ్లకి ఇంకో దారి కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ దగ్గర రీఫర్బిషర్‌గా నమోదై, తక్కువ ధరకి రీఫర్బిష్డ్ లైసెన్స్ తీసుకుని వేసి అమ్మడం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మన ఈ వేస్ట్ నియమాలు కూడా రీఫర్బిషర్ అనే వర్గాన్ని గుర్తించాయి. అంటే ఈ వృత్తికి చట్టంలో ఒక పేరు, ఒక చోటు ఉన్నాయి. పాత సరుకు అమ్ముకునేవాడు చీకట్లో బతకాల్సిన పని లేదు.

కొనేటప్పుడు లైసెన్స్ ఒక్కటే చూసి వచ్చేయకండి. కంపెనీ నుంచి వచ్చిన లాప్‌టాప్‌ని తమ జాబితాలోంచి తీసేయకుండా అమ్మితే, ఫార్మాట్ కొట్టగానే ఆ కంపెనీ ఉద్యోగి లాగిన్ అడుగుతుంది, ఇక ముందుకు కదలదు. యాపిల్ మ్యాక్ అయితే పాత యజమాని ఖాతా తీసేశాడో లేదో చూడాలి. మ్యాక్‌ఓఎస్‌కి వేరే లైసెన్స్ గొడవ లేదు, యాపిల్ యంత్రం మీదే వేసుకోవాలి, అంతే. కానీ ఆ ఖాతా తాళం పడి ఉంటే కొత్త మ్యాక్ కూడా పనికిరాని పలకే. డబ్బులు ఇచ్చే ముందే షాపులో ఒకసారి మొత్తం తుడిపించి, మొదటి తెర వచ్చేదాకా నిలబడి చూడండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది.

ఆ సాయంత్రం డ్రైవరు వెళ్లబోతూ మళ్లీ వెనక్కి వచ్చాడు. "రేపు పిల్ల ఇది అమ్ముకోవాలంటే, కొనేవాడు నన్ను అడిగితే ఏం చూపించాలన్నా?" అన్నాడు. పాత షాపువాళ్లు ఇచ్చిన బిల్లు అతని జేబులోనే ఉంది, దాని మీద లాప్‌టాప్ ఒకటి, 18,000 అని తప్ప ఇంకేమీ లేదు. దాన్ని తిప్పి వెనక రాశాను. మోడల్, సీరియల్ నంబరు, విండోస్ ప్రో, ఓఈఎం, కీ మదర్‌బోర్డులో ఉంది, యాక్టివేట్ అయింది. కింద తేదీ, నా సంతకం. అతను ఒక్కో మాటా చదివించుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆటోలో ఆర్‌సీ, ఇన్సూరెన్సు పెట్టుకునే కవర్లో వాటి పక్కనే పెట్టుకున్నాడు.